నొప్పి మాత్రలు – ఉబ్బసము

నొప్పి మాత్రను మన గ్రామములలో మందుగా ఎవరును లెక్కింపరు. అగ్గిపెట్టె, వక్కపొడి, సబ్బుబిళ్ళ అమ్ము దుకాణములోనే అదియు దొరకుచున్నది. నాట్ల దినములలో నడుము పట్టినను, మిరపకాయ కోతలలో ఎండకు తల పగులుచున్నను, ముసలివారికి మోకాళ్ళు సలుపుచున్నను ఒక మాత్ర మ్రింగి పనికి పోవుట వాడుకయైపోయినది. ఒకనాటి కూలి పోగొట్టుకొనలేని వారికి ఆ మాత్రయే ఆధారము. దానిని నిందించుట మా ఉద్దేశ్యము కాదు. కాని అదే మాత్ర ఉబ్బసపు జబ్బు గల కొందరికి ఊపిరి సలుపనీయక ప్రాణాపాయము తెచ్చుననియు, ఆ కొందరెవరో ముందుగా గుర్తించుట గ్రామములోనే సాధ్యమనియు చెప్పుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా జరుగు తీరును చెప్పెదము. ఉబ్బసమున్న ఒక నడివయస్కుడు ఒళ్ళునొప్పులకు ఆస్పిరిన్ గాని, ఇబుప్రొఫెన్ గాని, డైక్లోఫినాక్ గాని పుచ్చుకొనును. అరగంట మొదలు రెండు మూడు గంటలలోపల ముక్కు దిబ్బడ వేయును, నీరు కారును, కన్నులును ముఖమును ఎఱ్ఱబారును. పిమ్మట ఛాతీ బిగిసికొని పిల్లికూతలు మొదలగును. మందు సూది రూపమున లోనికి పోయినచో ఇదంతయు మరింత త్వరగా జరుగును. ఇంటివారు మాత్రను అనుమానింపరు. బాధ తగ్గుటకు ఇచ్చినది బాధ తెచ్చునని ఎవరికి తోచును? జ్వరము ముదిరినదనియో, చలిగాలి తగిలినదనియో, దిష్టి తగిలినదనియో అనుకొందురు. ఛాతీనొప్పి తగ్గవలెనని అదే మాత్రను రెండవసారి వేయుటయు కలదు. అది అన్నిటికంటె ప్రమాదకరము.

ఇట్టి వారు ఎందరుందురని సభ్యులు అడుగవచ్చును. పలు దేశముల పరిశోధనలను కలిపి చూచిన వైద్యులు, ఉబ్బసమున్న పెద్దవారిలో నూటికి సుమారు ఏడుగురు ఈ కోవకు చెందుదురని లెక్కించిరి. ఉబ్బసము తీవ్రముగా నున్నవారిని మాత్రమే తీసికొన్నచో ఆ సంఖ్య పదునైదు వరకు పోవును. పిల్లలలో ఇది అరుదు; సాధారణముగా ముప్పది నలువది ఏండ్ల ప్రాయమున బయటపడును. ఉబ్బసము లేని సామాన్యులు ఈ విషయమై భయపడవలసిన పని లేదు. ఉబ్బసమున్నవారిలోనైనను అత్యధికులు ఈ మాత్రలను పుచ్చుకొని సుఖముగానే యున్నారు. చిక్కెల్ల ఆ మిగిలిన కొద్దిమందిని గుర్తుపట్టుటలోనే యున్నది.

చెట్టు బెరడు మొదలుకొని

ఈ మాత్రల చరిత్ర ఒక చెట్టు బెరడుతో ప్రారంభమైనది. ఇంగ్లండు దేశమున ఎడ్వర్డు స్టోన్ అను మతాచార్యుడు విల్లో అను చెట్టు బెరడును ఎండబెట్టి, పొడిచేసి, చలిజ్వరము గల సుమారు 50 మందికి ఇచ్చి, గుణము కనిపించినదని 1763లో లండను రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. ఆ బెరడులోని సారమునకు సంబంధించిన పదార్థమునే మార్చి 1897లో జర్మనీ దేశపు బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ ఆస్పిరిన్‌గా తయారుచేసెను. 1899 నుండి అది అంగళ్ళలోనికి వచ్చినది. అంతటి వ్యాప్తి పొందిన మందు లోకములో మరియొకటి కలదో లేదో చెప్పుట కష్టము.

1922లో పారిస్ నగరమున ఫెర్నాండ్ విడాల్ అను వైద్యుడును ఆయన సహచరులును ఒక రోగిని పరీక్షించుచు మూడు సంగతులు ఒకేచోట నుండుట గమనించిరి: ఉబ్బసము, ముక్కులో దుర్మాంసము, ఆస్పిరిన్ పడకపోవుట. వారు ఆ సంగతిని ప్రకటించిరి గాని లోకము అంతగా పట్టించుకొనలేదు. 1968లో అమెరికాలో మాక్స్ సామ్టర్, బీర్స్ అను వైద్యులు అనేకమంది రోగులను చూచి మరల వ్రాసిన పిమ్మట గాని ఇది వైద్యుల నోట నానలేదు. అందుచేత నేటికిని దీనికి సామ్టర్ పేరే నిలిచియున్నది. మొదట చెప్పినవాని పేరు మరుగున పడి, తరువాత చెప్పినవాని పేరు నిలుచుట వైద్యములో క్రొత్త కాదు.

విడాల్ చెప్పిన ఆ మూడు గుర్తులే నేటికిని మనకు దారిచూపును. సాధారణముగా మొదట పడిశము పట్టుకొని వదలదు. వాసన తెలియుట తగ్గిపోవును. తాలింపు ఘాటు కూడ తెలియదని ఇంటి ఆడవారు చెప్పుట కలదు. ముక్కులో దుర్మాంసము పెరుగును. శస్త్రచికిత్స చేసి తీసివేసినను కొంతకాలమునకు మరల పెరుగుచుండును. ఉబ్బసము తరువాత వచ్చును. మాత్ర పడని సంగతి ఎప్పుడో ఒకనాడు హఠాత్తుగా తెలియును. అంతకుముందు అనేక సంవత్సరములు అదే మాత్ర హాయిగా పుచ్చుకొనియుండుటయు సంభవమే. గాన “నాకెప్పుడును పడినదే” అను మాటను మాత్రమే నమ్మి ఊరకుండరాదు. ఈ రోగులలో అనేకులకు కల్లుగాని సారాగాని కొద్దిగా పుచ్చుకొన్నను ముక్కు దిబ్బడవేసి ఆయాసము వచ్చును. ఇదియు గుర్తుంచుకొనదగిన ఆనవాలు.

తూములు, లస్కరు

మందు ఒకటియే అయినపుడు కొందరికి మేలు, కొందరికి కీడు ఏల కలుగుచున్నది? దీనిని కాలువ ఎరిగిన రైతులకు బోధపరచుట సులభము.

మన శరీర కణముల చుట్టును క్రొవ్వు పదార్థముతో కూడిన సన్నని పొర యుండును. దెబ్బ తగిలినపుడు, క్రిములు చొరబడినపుడు ఆ పొరనుండి ఎరాకిడోనిక్ ఆమ్లమను పదార్థము విడివడును. దీనిని పెద్దకాలువ నీరనుకొందము. ఈ నీరు రెండు పిల్లకాలువలలోనికి పారును. ఒక కాలువలో అది ప్రోస్టాగ్లాండినులను పదార్థములుగా మారును. నొప్పి, వాపు, జ్వరము కలుగుటలో వీటి పాత్ర ముఖ్యమైనది. రెండవ కాలువలో ల్యూకోట్రీనులుగా మారును. ఇవి శ్వాసనాళముల కండరములను బిగియించును, లోపలి పొరను వాపజేయును, కఫమును ఊరించును. ఉబ్బసరోగికి ఇవియే పెద్ద శత్రువులు.

ఆస్పిరిన్ మొదటి కాలువ తూమును మూసివేయునని ఇంగ్లండులో జాన్ వేన్ 1971లో కనుగొనెను. ఈ పరిశోధనకు ఆయనకు 1982లో నోబెల్ బహుమానము లభించినది. తూము మూతపడుటచేత నొప్పి తగ్గును, జ్వరము దిగును. అంతవరకు బాగే. అయితే ప్రోస్టాగ్లాండినులన్నియు చెడ్డవి కావు. వాటిలో ఇ2 అనునది ఊపిరితిత్తులలో లస్కరు పనిచేయుచుండును. రెండవ కాలువ తూము తలుపును అదుపులో నుంచునది అదియే. ఎలర్జీ పదార్థములను నింపుకొని యుండు మాస్టు కణములను పగులనీయక శాంతపరచునదియు అదియే. మొదటి తూమును మూసినపుడు నొప్పితోబాటు ఈ లస్కరును కూడ ఇంటికి పంపివేసినట్లగును.

ఆరోగ్యవంతునకు లస్కరు కొంతసేపు లేకున్నను నష్టము లేదు. రెండవ కాలువలో నీరు తక్కువ, గట్టు బలము. ఈ కోవకు చెందిన ఉబ్బసరోగికట్లు కాదు. అతని ముక్కు పొరలలోను శ్వాసనాళములలోను ఇయోసినోఫిల్ అను తెల్లకణములు, మాస్టు కణములు ముందే గుమికూడి ల్యూకోట్రీనులను అధికముగా తయారుచేయుచుండును. లస్కరు ఒక్కడే ఏదో విధముగా తలుపును పట్టుకొనియుండును. మాత్ర పడగానే అతడును పోవును. ల్యూకోట్రీనులు వరదవలె పొంగును. మాస్టు కణములనుండి హిస్టమిన్ మొదలగునవి వెలువడును. ఊపిరి ఆడకుండుటకు ఇదియే కారణము.

ఇక్కడ సభ్యులు ప్రత్యేకముగా గ్రహింపవలసిన సంగతి ఒకటి కలదు. ఇది వేరుసెనగ పడకపోవుట, పెన్సిలిన్ పడకపోవుట వంటి సామాన్యపు ఎలర్జీ కాదు. ఆ ఎలర్జీలలో రక్తమునందలి ఐజీఇ అను ప్రతిపదార్థము ఒక్కొక్క వస్తువును వేర్వేరుగా గుర్తుపట్టి తిరుగబడును. ఇచట గుర్తుపట్టుట లేదు. తూము మూతపడుటయే కారణము. కాబట్టి ఆ తూమును మూయు మాత్ర ఏదైనను, దాని పేరు, రంగు, కంపెనీ వేరైనను, ఫలితము ఒకటియే. ఈ చిక్కుముడిని పోలండు దేశమున ఆండ్రే షెక్లిక్ అను వైద్యుడును ఆయన సహచరులును 1975లో విప్పిరి. ఆస్పిరిన్ పడదని తెలిసినవాడు “అది మానితిని, ఇబుప్రొఫెన్ వాడుచున్నాను” అనినచో ఒక గుంత తప్పించుకొని మరియొక గుంతలో కాలుపెట్టినట్లే.

దీనినుండియే మరియొక హెచ్చరిక పుట్టుచున్నది. సూది వేయుటకు ముందు చర్మముపై కొద్ది మందు ఎక్కించి చూచుట కొన్నిచోట్ల కలదు. ఆ పరీక్ష ఐజీఇ ఎలర్జీకి సంబంధించినది. డైక్లోఫినాక్ సూది ఉబ్బసరోగికి పడునో పడదో ఆ పరీక్ష చెప్పలేదు. దద్దు లేవలేదు గదా అని సూది వేయుట గ్రుడ్డి ధైర్యము. రక్తపరీక్షవలనను ఇది తేలదు. వెనుక ఏమి జరిగినదో అడిగి తెలిసికొనుటయే మొదటి మార్గము. అనుమానము తీరనిచో పెద్ద ఆసుపత్రిలో, సర్వసాధనములు దగ్గరనుంచుకొని, వైద్యులు కొద్ది కొద్దిగా మందిచ్చి పరీక్షింతురు. “ఒక మాత్ర వేసి చూతము” అను పరీక్ష ఇంటిలో ఎన్నడును చేయరాదు.

ఏ మాత్రలు, ఏవి కావు

ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, నాప్రోక్సెన్, కీటోరొలాక్, ఇండోమెథాసిన్, పైరాక్సికామ్: ఇవన్నియు ఆ తూమును గట్టిగా మూయునవి. అంగడిలో ఇవి ఈ పేర్లతో పిలువబడవు. డిస్ప్రిన్ అన్నచో ఆస్పిరిన్, బ్రూఫెన్ అన్నచో ఇబుప్రొఫెన్, వోవెరాన్ అన్నచో డైక్లోఫినాక్. ఇంతకంటె చిక్కైనవి కలగూర మాత్రలు. కాంబిఫ్లామ్ మాత్రలో పారాసిటమాల్‌తోబాటు ఇబుప్రొఫెన్ కలదు. జీరోడాల్-పి మాత్రలో పారాసిటమాల్‌తోబాటు ఎసిక్లోఫినాక్ కలదు. “ఇది పారాసిటమాలే” అని చెప్పి ఇచ్చిన మాత్ర కేవలము పారాసిటమాల్ కాకపోవచ్చును.

ఈ కోవ రోగులలో అత్యధికులకు పారాసిటమాల్ పడును. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి సాధారణముగా చాలును, హాని చేయదు. ఒకేసారి వెయ్యి మిల్లీగ్రాములు పుచ్చుకొన్నచో కొందరికి కొద్దిపాటి ఆయాసము వచ్చుట కనిపించినది. పెద్ద మోతాదులో అదియు ఆ తూమును కొంత మూయును. సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్ అను మాత్రలు వేరొక తూమును మూయునవి గాన అనేకులకు పడుచున్నవి. అయినను మొదటి మోతాదు వైద్యుని ఎదుట పుచ్చుకొనుట మంచిది.

పారాసిటమాల్‌పై కూడ ఒక అపవాదు వచ్చినది. దానిని దాచక చెప్పుట మా ధర్మము. 1980 దశాబ్దిలో, జ్వరమున్న పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదని అమెరికాలో హెచ్చరిక చేసిరి. రై వ్యాధి అను భయంకరమైన మెదడు, కాలేయ వ్యాధికి అది కారణమగుచుండుటయే అందుకు హేతువు. అందరును పారాసిటమాల్‌కు మారిరి. అదే కాలమున అనేక దేశములలో పిల్లల ఉబ్బసము హెచ్చినది. ఈ రెంటికి సంబంధము కలదా అని కొందరు వైద్యులు శంకించిరి. 2008లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 31 దేశములకు చెందిన రెండు లక్షలకు పైబడిన ఆరేడేండ్ల పిల్లల వివరములు సేకరించి చూడగా, మొదటి ఏట జ్వరమునకు పారాసిటమాల్ పుచ్చుకొన్న పిల్లలలో ఉబ్బసము కొంత ఎక్కువగా కనబడినది.

అయితే కనబడుట వేరు, కారణమగుట వేరు. ఉబ్బసము రాబోవు బిడ్డకు పసితనముననే జలుబు, ఛాతీ జ్వరము తరచుగా వచ్చును. జ్వరము వచ్చిన బిడ్డకు తల్లి పారాసిటమాల్ పోయును. మందు ముందో, రోగము ముందో ఈ లెక్కలవలన తేలదు. వానలు పడినపుడెల్ల గొడుగులు కనబడును. గొడుగులు వానను తెచ్చునా? ఈ సంగతి తేల్చుటకు అమెరికాలో ఉబ్బసము గల 300 మంది చిన్నపిల్లలను రెండు జట్లుగా విభజించి, జ్వరము, నొప్పి వచ్చినపుడు ఒక జట్టుకు పారాసిటమాల్, మరియొక జట్టుకు ఇబుప్రొఫెన్ ఇచ్చి సుమారు ఏడాదిపాటు గమనించిరి. ఫలితము 2016లో ప్రకటింపబడినది. ఉబ్బసము తిరుగబెట్టుటలో రెండు జట్లకును భేదము లేకపోయినది. కాబట్టి బిడ్డ జ్వరమునకు బరువునుబట్టి సరియైన మోతాదులో పారాసిటమాల్ ఇచ్చుటకు తల్లులు జంకనక్కరలేదు. అనవసరముగా పోయుట మాత్రము తగదు. మోతాదు మించినచో కాలేయము చెడును.

పంచాయతీ చేయగల పని

ఒళ్ళునొప్పుల జ్వరములు ఊరికి వచ్చినపుడు ఈ విషయము మరింత ముఖ్యమగును. 2006లో రాయలసీమ జిల్లాలలో చికున్‌గున్యా వ్యాపించినపుడు ఇంటింట కీళ్ళునొప్పులే. అట్టి సమయములో మాత్రలు, సూదులు విచ్చలవిడిగా వాడబడును. డెంగీ అనుమానమున్నచోట ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ ఉబ్బసము లేనివారికి కూడ తగవు, రక్తస్రావము హెచ్చును. వర్షకాలమునకు ముందే ఈ మాటను టముకు వేయించినను తప్పు లేదు.

వెయ్యిమంది జనాభాకు మించని గ్రామములలో ఆస్పిరిన్, పారాసిటమాల్ వంటి కొన్ని గృహ ఔషధములను లైసెన్సు లేకనే అమ్ముటకు మందుల నిబంధనలు అనుమతించుచున్నవి. దూరపు పల్లెల సౌకర్యమునకై చేసిన ఏర్పాటిది. డైక్లోఫినాక్ వంటివి అట్లు కావు. వైద్యుని చీటీ లేనిదే వాటిని అమ్మరాదు. ఈ భేదము పెక్కు దుకాణదారులకు తెలియదు. సభ్యులు వారిని పిలిచి మాటలాడవలెను. దండించుటకు కాదు, తెలుపుటకు. ముఖ్యముగా రెండు మాటలు చెప్పవలెను. అట్టనుండి మాత్రను కత్తిరించి ఇచ్చునపుడు పేరు గల ముక్క దుకాణములోనే మిగిలిపోవుచున్నది; పేరులేని మాత్రను ఈయరాదు, కనీసము కాగితముపై వ్రాసియైన ఈయవలెను. రెండవది, నొప్పి మాత్ర అడిగిన ప్రతివానిని “ఆయాసము కలదా?” అని ఒక్కమారు అడుగవలెను. సూదులు వేయు వారికిని ఇదే మాట.

మృగశిరకార్తె వచ్చినదన్నచో ఉబ్బసరోగులు వేలకొలది హైదరాబాదుకు ప్రయాణము కట్టుదురు. చేపమందు గుణము శాస్త్రముచే నిరూపింపబడలేదు. అది వారి నమ్మకము. కాని అంతదూరము పోవు శ్రమలో నూరవ వంతు తాము మ్రింగు నొప్పి మాత్ర పేరు చదువుటకు పడినచో ఎంత మేలు! పోయినను, పోకున్నను, పీల్చుమందును మాత్రము మానరాదు.

ఊరిలోని ఉబ్బసరోగుల పేర్లు ఆశా కార్యకర్త ఎరుగును. ఆమెతోను, ఏఎన్ఎమ్ తోను కూర్చుండి ఆ జాబితాలోని పెద్దవారిని ఒక్కొక్కరిని అడిగింపవలెను: వాసన తెలియుచున్నదా, ముక్కులో దుర్మాంసము తీయించుకొన్నారా, ఏ మాత్ర గాని సూది గాని పుచ్చుకొన్న తరువాత ఆయాసము హెచ్చినదా, ఒళ్ళంతయు దద్దుర్లు లేచినవా. అవునన్న వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అట్టి వారికి ల్యూకోట్రీనులను అడ్డగించు మాంటెలుకాస్ట్ వంటి మందులు, ముక్కుకు, ఊపిరితిత్తులకు పీల్చుమందులు కలవు. కొందరికి పెద్ద ఆసుపత్రులలో ఆస్పిరిన్‌నే బహుస్వల్ప మోతాదుతో ప్రారంభించి క్రమముగా పెంచి శరీరమునకు అలవాటు చేయుదురు.

గుండె జబ్బుకై ప్రతిదినము 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ పుచ్చుకొనువారు మన గ్రామములలో అనేకులు కలరు. ఈ వ్యాసము చదివి వారెవ్వరును దానిని తమంత తాము మానరాదు. ఉబ్బసముండియు ఆ మాత్ర పడుచున్నవారు నిశ్చింతగా కొనసాగింపవచ్చును. అనుమానమున్నచో గుండె వైద్యునితో చెప్పవలెను. మానుట వలన కలుగు ప్రమాదము చిన్నది కాదు.

మాత్ర తరువాత ఆయాసము వచ్చినచో రోగిని పరుండబెట్టరాదు. కూర్చుండబెట్టి అతని సాల్‌బుటమాల్ పీల్చుమందును వెంటనే పీల్పించి 108కి కబురు చేయవలెను. ముఖము, నాలుక వాచినను, స్పృహ తప్పుచున్నను ఒక్క నిమిషమైనను జాగు చేయరాదు. మ్రింగిన మాత్ర అట్టను గాని, వేసిన సూది సీసాను గాని రోగితోబాటు పంపవలెను.

పడదని తేలినవారికి ఒక చీటీ వ్రాసి ఈయవలెను. అందు రోగి పేరు, ఉబ్బసము కలదను మాట, పడని మాత్రల పేర్లు, పడునని వైద్యుడు చెప్పిన మాత్ర పేరు ఉన్న చాలును. ఎఱ్ఱసిరాతో, తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాయుట మంచిది; 108 వాహనములో వచ్చువారు, పట్టణపు వైద్యులు కూడ చదువవలెను గదా. ఇంటిలో బీరువాలో దాచినచో అక్కరకు రాదు. పీల్చుమందు పెట్టుకొను సంచిలోనే ఉంచుకొనుమని చెప్పవలెను.